సీతాకోకచిలుక రెక్కల పొడితో చూపు పోదు

ఈ వానాకాలం మహారాష్ట్రలోని సిరోంచ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో వాట్సాప్ హెచ్చరిక ఒకటి చేతులు మారుతోంది. సీతాకోకచిలుక రెక్కల పొడి కంట్లో పడితే చూపు పోతుందని, గొంగళిపురుగులన్నీ విషమని, ఒక్కరోజులో చచ్చే పురుగుల గురించి పిల్లలకు పాఠాలు దండగని, అంతగా కావాలంటే నాలుగు పూలకుండీలు పెడితే చాలునని దాని సారాంశం. పంపుతున్నవారికి ఉన్నది పిల్లలకేమవుతుందోనన్న బెంగే కాబట్టి ఎగతాళి చేయను. ఆ మాటలు మాత్రం నిలవవు.

మొదట పొడి సంగతి. వేలికి అంటేవి పొలుసులు. ఇంటికప్పు మీది గూనపెంకుల్లా వరుసగా పరుచుకుని ఉండే ఈ పొలుసులు రొయ్య పెంకులో ఉండే కైటిన్‌తోనే తయారవుతాయి. కంట్లో పడితే ఏ నలుసైనా చేసినట్టే చికాకు చేయవచ్చు. నలపకుండా మంచినీళ్లతో కడగాలి. చూపు పోవడం కట్టుకథ. అయితే రాలిన పొలుసు మళ్లీ మొలవదు కనుక, రెక్కలు పట్టుకోవద్దని పిల్లలకు చెప్పవలసిందే.

గొంగళిపురుగులన్నీ విషమే అయితే, గోదావరి ఆవలి మహాదేవపూర్‌లో మద్దిచెట్ల మీద దసలిపట్టు పురుగులను పెంచే రైతుల చేతులు ఏమైపోవాలి? మునగచెట్టును కమ్ముకునే బొచ్చు పురుగులు ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు వస్తాయన్నది నిజమే. బొచ్చున్న దేనినీ ముట్టవద్దని పిల్లలకు నేర్పాలి. కానీ ఆ మునగ పురుగులు రాత్రిళ్లు దీపాల చుట్టూ ముసిరే మాత్ జాతివి, సీతాకోకచిలుకలు కావు.

మా పెరటి కరివేపాకు మీద, నల్లని రెక్కలపై తెల్లచుక్కల వరుస ఉండే కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. పిట్టల కళ్లు కప్పడానికే ఆ వేషం. పెరిగి పచ్చబడ్డాక దాన్ని కదిలిస్తే తల వెనకనుంచి చీలిన ఎర్రకొమ్మును బయటికి తోసి, ఘాటైన వాసన వదులుతుంది. పాము నాలుకేమోనని పెద్దలే జడుసుకుంటారు గాని, అది కుట్టదు, కరవదు. పక్కింటి ఐదేళ్ల పాప మాత్రం, “తాతా, పురుగుకు కోపమొచ్చింది” అని తేల్చేసింది.

ఒక్కరోజు ఆయుష్షన్న మాట తొలకరి ఉసిళ్లను చూసి పుట్టి ఉంటుంది. కామన్ మార్మన్‌కు గుడ్డు దశ నుంచి రెక్కలు రావడానికే సుమారు నెల పడుతుంది, ఆ తర్వాత కొన్ని వారాలు బతుకుతుంది. ఇక పాఠం దండగంటారా, దేశంలోనే మొదటిసారిగా 2015లో బ్లూ మార్మన్‌ను రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించింది మన మహారాష్ట్రే. బడిలో ‘ఫుల్‌పాఖరూ’ అని మరాఠీలో నేర్చుకునే మన పిల్లలు దాన్ని తెలుగులోనూ గుర్తుపట్టకూడదా?

పూలకుండీల సలహా తప్పు కాదు, సగమే. పూలు తేనె తాగే పెద్దవాటికి అక్కరకొస్తాయి. పిల్లపురుగులకు వాటి సొంత ఆకే కావాలి. బ్లూ మార్మన్ పురుగుకు నిమ్మజాతి ఆకు, నారింజ రంగు ప్లెయిన్ టైగర్ పురుగుకు జిల్లేడాకు. బడి ఆవరణలో పూలమొక్కలు నాటి, కంచె పక్క జిల్లేళ్లను పిచ్చిమొక్కలని పీకేసి, నిమ్మచెట్టుకు పురుగుమందు కొడితే ఆ పూల మీద వాలడానికి ఏవి మిగులుతాయి? జిల్లేడు ఆకును తెంపకుండా, చెట్టు మీదే పురుగును చూపించాలి. నిజంగా కంటికి చేటు చేసేవి జిల్లేడు పాలు. ఆ ఊసు హెచ్చరికలో ఎక్కడా లేదు.