డొల్ల పెట్టెల గోడ, ఒక్క నిజమైన యాంప్

పెద్ద రాక్ కచేరీలో లైట్లు వెలగగానే ముందు కంటికి ఆనేది గిటారిస్టు కాదు, అతని వెనక నిలబడిన నల్లటి గోడ. ఒకదాని మీద ఒకటి పేర్చిన స్పీకర్ క్యాబినెట్లు, వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు. అదే గోడను వెనక నుంచి చూస్తే కథ మారిపోతుంది. ప్లైవుడ్ చట్రం, ముందువైపు బిగించిన గుడ్డ, దాని మీద కంపెనీ పేరు. లోపల స్పీకర్ ఉండదు, వైరు ఉండదు. కొన్నింటికి వెనక చెక్క కూడా ఉండదు. ఆ వరసలో ఎక్కడో ఒక్క పెట్టె ముందు మాత్రం చిన్న స్టాండుకు తగిలించిన మైకు కనిపిస్తుంది. జనం వినే గిటారంతా అందులోంచి వచ్చేదే. ఈమధ్య చాలా వేదికల మీద ఆ ఒక్కటి కూడా ఉండటం లేదు.

ఇలాంటి ఫొటో బయటికొచ్చినప్పుడల్లా అభిమానులు మండిపడతారు. పైన పటారం, లోన లొటారం అంటారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది గానీ, అది గురి తప్పిందని నా అభిప్రాయం. మనం పోగొట్టుకుంటున్నది ఆ డొల్ల పెట్టెల్లో లేదు. వాటి నడుమ ఉన్న ఆ ఒక్క పెట్టెలో ఉంది.

ఆ గోడ మొదట్లో అలంకారం కాదు, అవసరం. 1960లలో కచేరీలకు పెట్టే లౌడ్‌స్పీకర్లు పాడే గొంతులకే చాలేవి కావు. గిటార్ ఎంత దూరం వినపడాలన్నా ఆ భారమంతా దాని శబ్దాన్ని పెంచే యంత్రం, అంటే యాంప్ మీదే. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ 55 వేలకు పైగా జనం ముందు వాయించారు. వాళ్ల చేతిలో వాక్స్ కంపెనీ 100 వాట్ల యాంపులున్నాయి. గొంతులేమో ప్రకటనల కోసం పెట్టిన స్టేడియం స్పీకర్లలోంచి వచ్చాయి. ఆ అరుపుల హోరులో తాము ఏం వాయిస్తున్నదీ వాళ్లకే సరిగా వినపడలేదు.

దాదాపు అదే రోజుల్లో, లండన్‌లోని హాన్‌వెల్‌లో సంగీత వాద్యాల దుకాణం నడుపుతున్న జిమ్ మార్షల్ దగ్గరికి ద హూ బృందం గిటారిస్టు పీట్ టౌన్షెండ్ వచ్చి, ఇంకా మోత కావాలని పట్టుబట్టాడు. మార్షల్ స్వయానా డ్రమ్మర్, డ్రమ్స్ నేర్పే మాస్టారు. 12 అంగుళాల స్పీకర్లు 8 ఒకే పెట్టెలో బిగించి ఇచ్చాడు. దాన్ని ఊరూరా మోయాల్సిన కుర్రాళ్లు లబోదిబోమన్నారు. చివరికి నాలుగేసి స్పీకర్లతో రెండు పెట్టెలు చేసి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టారు. ఇవాళ అందరం స్టాక్ అంటున్న ఆకారం అలా పుట్టింది. మోసేవాళ్ల నడుం నొప్పి కూడా అందులో ఉంది.

ఆ అవసరం ఎక్కువ కాలం నిలవలేదు. 1970లలోనే హాలు మొత్తానికీ శబ్దం అందించే పీఏ వ్యవస్థలు బలపడ్డాయి. స్పీకర్‌కు బెత్తెడు దూరంలో మైకు పెట్టి, ఆ శబ్దాన్ని అన్ని శబ్దాలనూ కలిపి సరిచేసే మిక్సర్‌కు పంపితే చాలు, చివరి వరసదాకా అందుతుంది. పక్కన ఇంకో ఇరవై పెట్టెలు మోగినా జనానికి లాభం లేదు, నష్టమే. గిటార్ స్పీకర్ పైస్థాయి శబ్దాన్ని టార్చిలైటులా ఒకే దిక్కుకు కొడుతుంది. ఆ దారిలో నిలబడ్డవాడికి చెవులు చిల్లులు పడతాయి, పక్కకు జరిగినవాడికి మందంగా వినిపిస్తుంది. గాయకుడి మైకులోకి కూడా ఆ మోతే దూరుతుంది. దాంతో సౌండ్ ఇంజినీరు ఎంత తంటాలు పడినా గొంతు తేటగా రాదు.

వాట్ల లెక్క ఇంకా విచిత్రంగా ఉంటుంది. వాట్లు పదింతలు చేస్తేగానీ చెవికి మోత రెట్టింపైనట్టు అనిపించదు. అంటే 15 వాట్ల యాంప్‌కూ 100 వాట్ల యాంప్‌కూ మధ్య తేడా 8 డెసిబెల్సే, వినికిడిలో రెట్టింపు కూడా కాదు. నాకు డమ్మీ పెట్టెల మీద నిజంగా కోపం వచ్చేది ఇక్కడే. వేదిక మీద కంపెనీ పేర్లతో మెరిసే ఆ గోడను చూసి, ఆ శబ్దం కావాలంటే అంత సామాను ఉండాలని నమ్మే కుర్రాళ్లు ఉన్నారు. ఖాళీ పెట్టె చేసే మోసం ఏదైనా ఉంటే, అది వాళ్లకు చేస్తున్నదే. టికెట్ కొన్న శ్రోతకు కాదు.

అలంకారాన్ని అలంకారంలా చూపిస్తే నాకు ఏ పేచీ లేదు. రష్ బృందంలో బేస్ వాయించే గెడ్డీ లీ తన శబ్దాన్ని నేరుగా పీఏకే పంపడం మొదలుపెట్టాక, వేదిక మీద అతని వైపు ఖాళీగా మిగిలింది. అక్కడ డమ్మీ క్యాబినెట్లు పెట్టలేదు. 2002 పర్యటనలో బట్టలు ఆరబెట్టే యంత్రాలు నిలబెట్టాడు, 2007 పర్యటనలో కోళ్లు కాల్చే ఓవెన్లు. పాట మధ్యలో మనిషి వచ్చి వాటిని చూసి వెళ్లేవాడు. యాంప్ లేదన్న సంగతి దాచకుండా, దాన్నే ఒక వేడుక చేశాడు. గాయకుడు, గిటారిస్టు నీల్ యంగ్ 1978 పర్యటనలో అయితే మనిషిని మరుగుజ్జుగా చూపించే రాక్షస యాంపులు కట్టించాడు. అవి బొమ్మలని అందరికీ తెలుసు. అతని గిటార్ శబ్దానికి అసలు గుండెకాయ 1959 నాటి ఫెండర్ డీలక్స్. ఒకే స్పీకర్, సుమారు 15 వాట్లు, ఒంటి చేత్తో ఎత్తగలిగేంత పెట్టె.

అసలు విషయం ఆ చిన్న పెట్టె చేసే పనిలో ఉంది. ఎలక్ట్రిక్ గిటార్ అంటే మెడలో వేలాడే చెక్క ఒక్కటే కాదు, యాంప్ దానికి సగం. యాంప్ బాగా పలుకుతుండగా ఒక స్వరం మీటి, తీగను అలాగే అదిమిపట్టి, స్పీకర్ వైపు ఒక్క అడుగు వేసి చూడండి. ఆరిపోవాల్సిన స్వరం ఆరదు. స్పీకర్ కదిలించిన గాలి వచ్చి తీగను ఊపుతుంది, ఆ ఊపును గిటార్ మీది పికప్, అంటే తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం, మళ్లీ యాంప్‌కు అందిస్తుంది. చెక్క పొట్టకు ఆనుకుని వణుకుతుంది. కాస్త పక్కకు తిరిగితే అదే స్వరం పైస్థాయికి ఎగురుతుంది. ఇంకో అరడుగు వెనక్కి వేస్తే చేజారిపోతుంది. ఆ క్షణంలో వాయించేది వేళ్లు కాదు, నిలబడిన చోటు. 1969 ఆగస్టు 18 పొద్దున వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ అమెరికా జాతీయగీతాన్ని చీల్చి చెండాడినప్పుడు వినిపించిన ఆ కేకలు, బాంబుల హోరు చాలావరకు ఇలా పుట్టినవే. వెనకున్న యాంపులు నిజంగా మోగకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

ఇప్పుడు వాడుకలో ఉన్న డిజిటల్ మోడలర్లు, అంటే యాంప్ శబ్దాన్ని అనుకరించే ఫ్రాక్టల్, కెంపర్ లాంటి పరికరాలు, యాంప్ స్వభావాన్ని ఎంత బాగా పట్టుకున్నాయంటే మిక్స్‌లో తేడా చెప్పడం నిపుణులకూ కష్టమే. శబ్దంలో ఏది మేలన్న వాదన ముగిసిందనే నేను ఒప్పుకుంటాను. 2013 డిసెంబరు 8న అంటార్కిటికాలోని అర్జెంటీనా స్థావరం కార్లీనిలో మెటాలికా బృందం వాయించినప్పుడు, అక్కడి పర్యావరణం కోసం శబ్దమంతా హెడ్‌ఫోన్లలోనే అందించారు. అలాంటి చోట వేరే దారి లేదు. చెవుల సంగతి కూడా తేలిగ్గా తీసుకునేది కాదు. అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చు, 100 దగ్గర 15 నిమిషాలే. తన వినికిడి దెబ్బతిన్నదని టౌన్షెండ్ బహిరంగంగానే చెప్పాడు. వేదిక మీది మోతకు బదులు చెవిలోనే శబ్దం వినిపించే ఇయర్ మానిటర్లు పెట్టుకునేవాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

నా బాధ మోడలర్ మీద కాదు. దాన్ని సాకుగా పెట్టుకుని వేదిక మీద గాలిని కదిలించే వస్తువే లేకుండా చేయడం మీద. చెవిలో మాత్రమే వినిపించే గిటార్ ఎంత తియ్యగా ఉన్నా, తీగకు జవాబివ్వదు. ముందు వరస మధ్యలో నిలబడ్డ శ్రోతకు కూడా నష్టమే. పీఏ స్పీకర్లు అతనికి రెండు పక్కలా దూరంగా ఉంటాయి. కళ్లెదుట మీటుతున్న గిటార్ ఎక్కడి నుంచో వినిపిస్తుంటుంది. వేదిక నుంచి నేరుగా వచ్చే ఆ కాస్త శబ్దమే చేతికీ స్వరానికీ ముడి వేసేది.

దానికి గోడ అక్కర్లేదు. 15 వాట్ల చిన్న యాంప్, లేదా మోడలర్‌కు తగిలించిన ఒక్క స్పీకర్ చాలు. దాన్ని జనం వైపు కాకుండా, కాస్త వెనక్కి వాల్చి వాయించేవాడి వైపు తిప్పితే గాయకుడి మైకులోకి దూరదు, మిక్సర్ దగ్గర ఇంజినీరుకు అడ్డం రాదు. డొల్ల పెట్టెలు కావాలంటే దాని చుట్టూ ఎన్నయినా పేర్చుకోవచ్చు. కచేరీకి ముందు శబ్దాన్ని సరిచూసుకునే సౌండ్ చెక్‌లో ముందు ఆ ఒక్క స్పీకర్‌కు చోటు చూసి, గిటారిస్టును దాని ముందు అటూఇటూ నడవనిచ్చి, స్వరం ఎక్కడ నిలబడుతుందో నేల మీద టేపుతో గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.