ఇంటిదాకా చేర్చే వైద్యం

ముంబైలో రోడ్డు పక్కన ఒక యువకుడు మురుగునీటిని కొబ్బరి చిప్పతో ముంచుకుని తాగుతూ మానసిక వైద్య దంపతులు భరత్ వాత్వానీ, స్మితల కంటపడ్డాడు. పిచ్చివాడని తప్పుకుపోకుండా అతన్ని తమ నర్సింగ్‌హోమ్‌కు తీసుకెళ్లారు. కోలుకున్నాక తెలిసింది, అతను మన ఆంధ్రప్రదేశ్ వాడని, బీఎస్సీ చదివి ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చేశాడని. అతన్ని అలా రోడ్డున పడేసిన జబ్బు స్కిజోఫ్రెనియా, అంటే భ్రమకూ వాస్తవానికీ తేడా తెలియనివ్వని మానసిక జబ్బు.

అలాంటివారి కోసమే ఆ దంపతులు 1988లో శ్రద్ధా పునరావాస సంస్థను మొదలుపెట్టారు. 2006 నుంచి మహారాష్ట్రలోని కర్జత్‌లో పెద్ద కేంద్రం నడుపుతున్నారు. వైద్యం, తిండి, బస అన్నీ ఉచితం. పేషెంట్ మాటల్లో ఊరి పేరు దొరికితే చాలు, సంస్థ సామాజిక కార్యకర్త అతని వెంట రైలెక్కి, ఎంత దూరమైనా ఇంటిదాకా వెళ్లి అప్పగించి వస్తాడు. ఈ సేవకే 2018లో డాక్టర్ వాత్వానీకి రామన్ మెగసెసే పురస్కారం దక్కింది. ఏళ్ల తరబడి చనిపోయాడనుకున్న కొడుకు గుమ్మంలో నిలబడితే ఆ తల్లికి ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేం.

అయితే ఈ పని దాతల డబ్బుతో నడిచే ఒక సంస్థకు వదిలేసేది కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 100 దీన్ని ప్రతి పోలీస్ స్టేషన్ బాధ్యత చేసింది. దిక్కులేక తిరిగే మానసిక రోగిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. మిస్సింగ్ కేసు నమోదు చేసి కుటుంబం ఆచూకీ వెతకాలి. మన బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో జడలు కట్టిన జుట్టుతో తిరిగేవారిని రోజూ చూస్తున్నాం. వాళ్లలో ఎంతమంది పేరున కేసు నమోదైంది? ఎస్సైలకు ఈ సెక్షన్ మీద శిక్షణ ఇవ్వాలి, ఆసుపత్రుల్లో ఊళ్లు వెతికే సామాజిక కార్యకర్తలను నియమించాలి.

ఇల్లు చేరాక అసలు టెన్షన్ మొదలవుతుంది. మందు ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది, మనిషి మళ్లీ రోడ్డెక్కుతాడు. ప్రభుత్వ అత్యావశ్యక మందుల జాబితాలోని మానసిక వైద్యపు మందులను కమ్యూనిటీ హెల్త్ సెంటర్ మొదలు పైస్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో ఎప్పుడూ ఉచితంగా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే సలహా దొరుకుతుంది, మాత్ర మాత్రం ఆసుపత్రిలోనే దొరకాలి. ఏ కేంద్రంలో ఏ మందు నిల్వ ఉందో రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు ప్రతి నెలా జిల్లాలవారీగా బయటపెట్టాలని కోరుతున్నాం.