ఏది మార్చుకోవాలి, ఏది దాచుకోవాలి: చదరంగం చివరి ఘట్టంలో గెలుపు రహస్యం

2024 డిసెంబర్ 12. సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పోరు 14వ గేమ్ డ్రా వైపు సాగుతోంది. నల్ల పావులతో ఆడుతున్న భారత ఆటగాడు గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. కానీ ఇద్దరి దగ్గరా ఒక్కో ఏనుగు, ఒక్కో శకటు ఉన్నాయి. బంట్లన్నీ బోర్డుకు ఒకే పక్కన ఉన్నాయి. ఇలాంటి చోట ఒక్క బంటు ఆధిక్యంతో గెలవడం మామూలుగా సాధ్యం కాదు. 55వ ఎత్తులో అప్పటి విశ్వవిజేత, చైనా ఆటగాడు డింగ్ లిరెన్ తన ఏనుగును ఎఫ్2 గడిలో పెట్టాడు (గడి పేరులో అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డ వరుసను చెబుతుంది). గుకేశ్ ఏనుగులు మార్చుకుని (అంటే ఒకరిదొకరు చంపుకుని), మరుక్షణమే తన శకటును డి5లో ఎదురు నిలిపాడు. ఎ8 మూలలో ఉన్న డింగ్ శకటుకు ఆ ఐమూల గీత తప్ప వేరే దారి లేదు. దాంతో శకట్లు కూడా మారిపోయాయి. 58వ ఎత్తులో తెల్లరాజు ఇ3కి రాగానే నల్లరాజు ఇ5లో ఎదురుగా నిలబడ్డాడు. డింగ్ చేతులెత్తేశాడు. 18 ఏళ్ల గుకేశ్ 7.5-6.5తో విశ్వవిజేత అయ్యాడు.

దీన్ని అలసట వల్ల జరిగిన పొరపాటు అని చాలామంది సరిపెట్టుకున్నారు. నాకు మాత్రం అది మార్పిడిలో జరిగిన తప్పుగానే కనిపిస్తుంది. ఆధిక్యంలో ఉన్నవాడు పెద్ద పావులను మార్చుకుని బంట్లను దాచుకోవాలి. వెనకబడినవాడు బంట్లను వదిలించుకుని పావులను అట్టిపెట్టుకోవాలి. ఆట తొందరగా తేలిపోతే డ్రా దక్కుతుందనుకున్న డింగ్, ప్రత్యర్థికి కావలసిన మార్పిడికి తానే తలుపు తీశాడు.

ఇంకో లెక్క చూడండి. ఏడు పావుల వరకు ఉన్న స్థితులన్నిటికీ, రాజులతో కలిపి, కంప్యూటర్లు ఫలితాన్ని తేల్చేశాయి. ఆ పట్టికలనే టేబుల్‌బేస్ అంటారు. డింగ్ తప్పు చేసేటప్పటికి బోర్డు మీద ఉన్నవి తొమ్మిది. ఏనుగులు మారితే ఏడు, శకట్లు కూడా మారితే ఐదు. అంటే ప్రతి మార్పిడీ మనల్ని తీర్పు ముందే రాసిపెట్టి ఉన్న చోటికి చేరుస్తుంది. ఆ తీర్పు తెలియకుండా మార్చుకునేవాడు చదవని కాగితం మీద సంతకం పెట్టినట్టే.

అందుకే రాజు, బంటు స్థితులు ముందు నేర్చుకోవాలి. తెల్లరాజు ఇ4లో, నల్లరాజు ఇ6లో ఉన్నారు. ఎత్తు తెలుపుది. తెల్లబంటు ఇ3లో ఉంటే డ్రా. అదే బంటు ఒక గడి వెనక, ఇ2లో ఉంటే గెలుపు! ముందుకెళ్లిన బంటే మేలని అనుకునే పిల్లలకు ఇది నమ్మబుద్ధి కాదు. కారణం చిన్నదే. రాజులు ఒక గడి ఎడంతో ఎదురెదురుగా నిలిచినప్పుడు ముందు కదలాల్సినవాడే దారి వదలాలి. దీన్నే ఆపొజిషన్ అంటారు. ఇ2లోని బంటు ఇ3కి జరిగితే కదలాల్సిన వంతు నలుపు మీద పడుతుంది. ఇ3లోనే ఉన్న బంటుకు ఆ అవకాశం లేదు, ముందు సొంత రాజే అడ్డు. సింగపూర్‌లో ఇ3, ఇ5 గడుల్లో రాజులు ఎదురుపడినప్పుడు కదలాల్సిన వంతు డింగ్‌ది.

ఏనుగుల ఆటలో లెక్క కొంత మారుతుంది. అక్కడ బంట్ల సంఖ్య కన్నా పావుల చురుకుదనానిదే పైచేయి. 1924లో న్యూయార్క్ టోర్నీలో టార్టకోవర్ మీద అప్పటి విశ్వవిజేత కాపాబ్లాంకా చేసినది చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. రెండు బంట్లు, అవీ చెక్‌తో సహా, పోతున్నా లెక్కచేయకుండా రాజును ఎఫ్6 దాకా నడిపించాడు. ఏడో వరుసలో ఏనుగు, ఆరో వరుసలో రాజు, పక్కనే బంటు. పోయినవి తర్వాత తీరిగ్గా తిరిగొచ్చాయి. ఆట మధ్యలో దాక్కునే రాజు చివర్లో సేనాపతి అవుతాడు.

మార్చుకునే ముందు మిగిలేదేమిటో చూడకపోతే ఆధిక్యం కూడా అక్కరకు రాదు. శకటు, అంచు వరుస బంటు మిగిలాయనుకోండి. బంటు మంత్రిగా మారే గడి రంగు, శకటు నడిచే రంగు వేరైతే, అవతలి ఒంటరి రాజు ఆ మూలలో కూర్చున్నాడంటే ఎవరూ కదిలించలేరు. వేర్వేరు రంగుల శకట్లు మిగిలితే రెండు బంట్ల ఆధిక్యం కూడా చాలాసార్లు వృథా అవుతుంది.

మన దగ్గర పిల్లలకు ప్రారంభ ఎత్తులు ఇరవై వరకు బట్టీ పట్టిస్తారు. ట్రోఫీలు త్వరగా వస్తాయి కాబట్టి తల్లిదండ్రులకూ అదే ముచ్చట. ఆ పిల్లలే నాలుగో గంటలో గెలిచే స్థితిని డ్రా చేసుకుని బిక్కమొహంతో బయటికొస్తారు.

వాళ్లకు 2021 దుబాయ్ ప్రపంచ చాంపియన్‌షిప్ పోరులోని ఆరో గేమ్ చూపించాలి. 136 ఎత్తులు, ఏడు గంటల నలభై అయిదు నిమిషాలు. నెపోమ్నియాషి దగ్గర మంత్రి, కార్ల్‌సన్ దగ్గర ఏనుగు, గుర్రం, రెండు బంట్లు. చివరి ఎత్తుల దాకా అది డ్రాయేనని టేబుల్‌బేస్ చెబుతుంది. కార్ల్‌సన్ తన బంట్లను తొందరపెట్టలేదు. రాజును సర్దాడు, గుర్రాన్ని సర్దాడు, మళ్లీ సర్దాడు. అర్ధరాత్రి దాటాక నెపోమ్నియాషి మంత్రి ఒక తప్పు గడిలో అడుగు పెట్టింది.