సవరణ: ర్యాట్ పెడల్‌లోని 47 ఓమ్‌ల రెసిస్టర్

గిటార్ ధ్వనిని గరుకుగా మార్చే ప్రోకో ర్యాట్ డిస్టార్షన్ పెడల్‌లో చేసుకోదగిన మార్పుల గురించి రాసిన గత పోస్టులో, 47 ఓమ్‌ల రెసిస్టర్‌ను తీసేస్తే గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందనే కొలత) పెరుగుతుందని చెప్పాను. అది తప్పు, గెయిన్ తగ్గుతుంది. అందరికీ అందుబాటులో ఉన్న సర్క్యూట్ చిత్రాన్ని ముందు పెట్టుకుని, నాన్-ఇన్వర్టింగ్ ఆంప్లిఫయర్ సూత్రంతో మళ్లీ లెక్క వేస్తే ఈ సంగతి స్పష్టమైంది.

సిగ్నల్‌ను పెంచే చిప్ అయిన ఆప్-ఆంప్ ఇన్వర్టింగ్ (మైనస్ గుర్తున్న) పిన్ నుంచి గ్రౌండ్‌కు రెండు దారులున్నాయి: ఒకదానిలో 560 ఓమ్‌ల రెసిస్టర్, 4.7 మైక్రోఫారడ్ల కెపాసిటర్, రెండోదానిలో 47 ఓమ్‌ల రెసిస్టర్, 2.2 మైక్రోఫారడ్ల కెపాసిటర్. డిస్టార్షన్ పాట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్) 100 కిలో ఓమ్‌ల వద్ద ఉన్నప్పుడు రెండు దారులూ కలిసి సుమారు 67 డెసిబెల్స్ గెయిన్ ఇస్తాయి. (ఇది కాగితం మీది అంకె మాత్రమే, ఎల్ఎం308 వంటి నెమ్మదైన ఆప్-ఆంప్ చిప్ దాన్ని పూర్తిగా అందుకోలేదు.) రెండో దారి ప్రభావం సుమారు 1,500 హెర్ట్జ్ పైన పూర్తిగా కనిపిస్తుంది కాబట్టి, దాన్ని తెంచితే ఆ పై స్వరాలకు దక్కే అదనపు బలం పోయి, గెయిన్ 45 డెసిబెల్స్‌కు దిగి, బేస్ నిండుగా వినిపిస్తుంది. అవుట్‌పుట్ స్థాయిని సిగ్నల్ శిఖరాలను కత్తిరించేలా గ్రౌండ్‌కు కలిపిన డయోడ్లే చాలావరకు నిర్ణయిస్తాయి కనుక వాల్యూమ్ మాత్రం అంతగా పడిపోదు.

ఇప్పటికే రెసిస్టర్ తీసేసినవారు దాన్ని తిరిగి అతికించి, దానితో సిరీస్‌లో 1 కిలో ఓమ్ పాట్ పెట్టుకుంటే రెండు ధ్వనుల మధ్య నచ్చినచోట ఆగవచ్చు.