సన్‌స్క్రీన్ సరే, ఊర్లో అమ్మానాన్నల అరికాళ్ళు ఎవరు చూస్తున్నారు?

ఇక్కడ విదేశంలో మన తెలుగు సంఘం పెట్టే హెల్త్ సెషన్లలో స్కిన్ క్యాన్సర్ మాట వస్తే చాలు, సన్‌స్క్రీన్‌తో మొదలై సన్‌స్క్రీన్‌తోనే అయిపోతుంది, ఎస్‌పీఎఫ్ ఎంత, ఎన్ని గంటలకోసారి పూసుకోవాలి, బీచ్‌కి పోతే ఏం చెయ్యాలి, ప్రతిసారీ ఇవే స్లైడ్లు. ఇక్కడి తెల్లవాళ్ళకి అది చాలా అవసరమే, ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు చర్మకణాల డీఎన్‌ఏని దెబ్బతీస్తాయి, వాళ్ళ చర్మంలో దాన్ని అడ్డుకునే మెలనిన్ అనే రంగు పదార్థం తక్కువ. మనకి మెలనిన్ ఎక్కువ కాబట్టి ఈ జబ్బు మనలో చాలా తక్కువ. కానీ తక్కువ అంటే మావోళ్ళు అసలు రాదనే అనుకుంటున్నారు, దాంతో వచ్చిన ఆ కొద్దిమందికీ బాగా ముదిరినాకనే తెలుస్తోంది. నా బాధంతా దాని గురించే.

స్కిన్ క్యాన్సర్లలో ప్రమాదకరమైనది మెలనోమా. మన రంగు చర్మంలో అది ఎక్కువగా కనిపించేది ఎండ తగలని చోట్లే, అరికాలు, అరచెయ్యి, గోరు కింద. జమైకా పాటగాడు బాబ్ మార్లీ బొమ్మ ఉన్న టీషర్టులు మన పిల్లలు వేసుకుని తిరుగుతుంటారు కదా, ఆయనకి 1977లో కాలి బొటనవేలి గోరు కిందే బయటపడింది, 1981లో 36 ఏళ్ళకే పోయినాడు. మన అనంతపురం, కర్నూలు పల్లెల్లో కాలికి ముల్లు గుచ్చుకోని మనిషి ఉండడు, ఆనెలు లేని పాదం ఉండదు, అందుకే అక్కడ నల్లమచ్చ వస్తే ఎవరికీ అనుమానమే రాదు.

మా చిన్నాయనది కల్యాణదుర్గం దగ్గర పల్లె, శెనక్కాయల సేద్యం. మడమ పక్కన మచ్చ వస్తే ముల్లు విరిగి లోపలే ఉందనుకోని జిల్లేడు పాలు పెట్టినాడు, తర్వాత ఆనె అనుకోని బ్లేడుతో చెక్కినాడు, రక్తం కారితే పసుపు అద్దినాడు. నేను ఫోన్లో "చిన్నాయనా, ఒకసారి డాక్టరుకి చూపియ్యి" అంటే "ఏం లేదులేప్పా, ఆనె, అదే పోతుంది" అన్నాడు. టౌన్‌లో ఒక క్లినిక్‌లో షుగర్ పుండు అని చెప్పి నెలల తరబడి కట్లు కట్టినారు. నేను ఊరికి పోయినప్పుడు కట్టు విప్పి చూస్తే పావలా బిళ్ళంత ఉంది, ఒక అంచు కాఫీ రంగు, ఇంకో అంచు మసి నలుపు, మధ్యలో చెమ్మగా చిన్న బుడిపె. బెంగళూరులో ముక్క తీసి పరీక్ష చేస్తే మెలనోమా అని తేలింది, మడమలో చాలా భాగం తీసేసి తొడ చర్మం తెచ్చి అతికించినారు, అక్కడికి పాకిందేమో అని గజ్జల్లో గడ్డ కూడా పరీక్షకి తీసినారు. ఇప్పుడు మెత్తటి చెప్పులేసుకుని చేనుకి పోతున్నాడు గానీ ఆర్నెల్లకోసారి చెకప్ తప్పదు.

కాబట్టి చూడాల్సింది ఏందంటే, మచ్చ రెండు సగాలు ఒకేలా లేకపోవడం, అంచులు వంకరటింకరగా ఉండడం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, సైజు 6 మిల్లీమీటర్లు దాటడం, అన్నిటికంటే ముఖ్యం అది మారుతూ ఉండడం. గోళ్ళ సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి, మనలాంటి రంగు వాళ్ళకి నాలుగైదు గోళ్ళలో సన్నటి నల్లగీతలు ఉండడం మామూలే, భయపడొద్దు. ఒకే గోరులో కొత్తగా గీత వచ్చి, వెడల్పు అవుతూ, ఆ నలుపు గోరు చుట్టూ ఉన్న చర్మం మీదికి పాకితే మాత్రం గోరుచుట్టు అని నిమ్మకాయ పెట్టుకోని కూర్చోకుండా వెంటనే చూపించాలి.

ఇంకొకటి, దీన్ని మనవాళ్ళు అస్సలు పట్టించుకోరు, కాలిన మచ్చలు. ఎప్పుడో చిన్నప్పుడు వేడినీళ్ళు పడో, పొయ్యి దగ్గరో కాలిన చోట, ఏళ్ళు గడిచినాక పుండు లేచి మానకుండా ఉంటే అది స్క్వామస్ సెల్ క్యాన్సర్ అనే ఇంకో రకం స్కిన్ క్యాన్సర్ కావచ్చు. కాశ్మీర్‌లో ఒంటికి ఆనించుకునే కాంగ్డీ కుంపటి వల్ల పొట్ట మీద, తొడల మీద వచ్చేది ఇదే. నడుము దగ్గర పంచె, లంగా బొందు ఏళ్ళ తరబడి బిగించి కట్టి ఒరుసుకుపోయిన చోట కూడా వచ్చిన కేసులు మన దేశంలోనే ఉన్నాయి. మా జేజి నడుము చుట్టూ ఆ నల్ల చార నాకింకా గుర్తే, చాలామంది ముసలమ్మలకి అది ఉంటుంది, ఉన్నంత మాత్రాన ఏం కాదు, అక్కడ పుండు పడి మానకపోతేనే సమస్య.

మేనరికాల గురించి కూడా చెప్పాలి, సీమలో ఇంకా బాగానే జరుగుతున్నాయి. జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అని ఒక జబ్బు ఉంది, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా లోపమున్న జీన్ వస్తేనే బిడ్డకి వస్తుంది, దగ్గరి సంబంధాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. ఆ పిల్లలకి ఎండ చేసిన డ్యామేజీని చర్మం రిపేర్ చేసుకోలేదు, రెండేళ్ళు నిండకముందే ముఖమంతా చుక్కలు, వెలుతురు చూడలేకపోవడం, పదేళ్ళ లోపే క్యాన్సర్లు. అట్లాంటి పిల్లల్ని దిష్టి, దోషం అని తిప్పకుండా స్కిన్ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి, వాళ్ళకి మాత్రం ఎండ నుంచి కాపాడటమే ప్రాణం.

ఎండ మనకి ఏం చెయ్యదని కాదు. ముక్కు పక్కన, కనురెప్ప మీద మెరిసే నల్ల బుడిపె, పుట్టుమచ్చలాగే ఉండి అప్పుడప్పుడు రక్తం కారి పక్కు కడుతుంటే బేసల్ సెల్ క్యాన్సర్ అనే మరో రకం కావచ్చు, అది మామూలుగా దూరం పాకదు గానీ ఉన్నచోటే లోపలికి తినేస్తుంది.

అన్నిటికంటే పెద్ద అడ్డం బయాప్సీ భయం, అంటే ముక్క తీసి చేసే పరీక్ష మీద భయం. కత్తి పెడితే క్యాన్సర్ రేగి ఒళ్ళంతా పాకుతుందని చదువుకున్నవాళ్ళు కూడా అంటారు. ముక్క తియ్యడం వల్ల పాకదు, తియ్యకుండా వదిలేస్తే పాకుతుంది. మెలనోమా లోతు 1 మిల్లీమీటర్ లోపు ఉన్నప్పుడే దొరికితే చాలామందికి చుట్టూ కొంచెం చర్మంతో కలిపి తీసేస్తే సరిపోతుంది. డబ్బు సంగతికొస్తే, ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన తొలి మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి, క్యాన్సర్ ఆపరేషన్లు అందులో ఉన్నాయి. ఆపరేషన్ దాకా పోయేదానికి ముందు జరిగే తిరుగుడికే మనవాళ్ళు కూలి పోగొట్టుకోలేక ఆగిపోతున్నారు.

అందుకే నేను అడిగేది ఇది. మన సంఘం డిసెంబర్‌లో ఊర్లలో పెట్టే క్యాంపుల్లో బీపీ, షుగర్, కంటి పరీక్షలతో పాటు ఒక బల్ల పాదాల కోసం పెట్టండి, ఒక స్టూలు, టార్చి, భూతద్దం, ఒక స్కిన్ డాక్టరు, చెప్పులు విప్పించి అరికాళ్ళు, వేళ్ళ సందులు, గోళ్ళు చూడాలి, కాలిన మచ్చలున్నాయా అని అడగాలి. అనుమానం ఉన్నవాళ్ళకి బయాప్సీ ఖర్చు, కర్నూలు పెద్దాసుపత్రికో బెంగళూరుకో పోయొచ్చే బస్సు చార్జీ, ఆ రోజు కూలీ సంఘమే ఇవ్వాలి, సావనీర్ కలర్ పేజీలు కొన్ని తగ్గించుకున్నా ఫరవాలేదు. అప్పటిదాకా ఈ ఆదివారం వీడియో కాల్‌లో అమ్మానాన్నల్ని కెమెరా కాళ్ళ వైపు తిప్పమనండి. కల్యాణదుర్గం క్యాంపుకి స్థలం, మనుషుల సంగతి నేను చూసుకుంటా, డాక్టర్లని కమిటీ చూడాలి.