ముందు పక్క వీధిలో మొదలెట్టండి

నెల్లూరు జిల్లాలో మద్యనిషేధాన్ని వ్యతిరేకించే మనిషి ఒక్కడూ లేడని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. తాగనివాళ్లు ఎటూ సమర్థిస్తారు. తాగేవాళ్లు ఇంకా గట్టిగా సమర్థిస్తారు, అందులోనూ పొద్దున పూట. ఉదయగిరి రోడ్డులో ఏ టీ కొట్టు దగ్గరైనా ఏడింటికి నిలబడి చూడండి. తల పట్టుకుని రెండో టీ తాగుతున్న పెద్దమనిషే "ఈ దరిద్రాన్ని ఎత్తేస్తేగానీ జనం బాగుపడరు సామీ" అంటాడు. పొద్దుగూకాక ఆయనే "మా కష్టం, మా దుడ్లు, మధ్యలో గవర్మెంటోడికేంది నొప్పి?" అంటాడు. దీన్ని ద్వంద్వ వైఖరి అనడం అన్యాయం. మనిషికి ఒకటే ఓటు అన్నారు గానీ ఒకటే అభిప్రాయం అని రాజ్యాంగం ఎక్కడా అనలేదు.

రాజ్యాంగం అన్నదల్లా 47వ అధికరణంలో ఉంది. వైద్య అవసరాలకు తప్ప మత్తుపానీయాల వాడకాన్ని నిషేధించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలట. ప్రభుత్వాలు ప్రయత్నిస్తూనే ఉన్నాయి. ఇక వైద్య అవసరం సంగతి మావాళ్లు చూసుకుంటారు. ఒళ్లు నొప్పులు, జలుబు, నిద్ర పట్టకపోవడం, బావమరిది ఇంటికి రావడం.

ఈ విషయంలో నోరెత్తే హక్కు మాకున్నంతగా ఇంకే జిల్లాకీ లేదు. 1990ల మొదట్లో కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లకి రాత్రిబడి పెట్టించింది ప్రభుత్వం. అదే ఊళ్లో సారా అమ్మించిందీ ప్రభుత్వమే. ఒక శాఖ ఇచ్చిన పలక పట్టుకుని, ఇంకో శాఖ పాడించిన వేలంపాటలో పెట్టిన సారా కొట్టుని మూయించారు ఆ ఆడవాళ్లు. వాళ్లకి ముందు నిలబడ్డ వర్ధినేని రోశమ్మ ఆ తర్వాత దూబగుంట రోశమ్మ అయింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని జనం రోడ్డెక్కితే సారా వేలంపాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో మా జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా పోయింది. 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో అదీ పోయింది, ఖజానా ఖాళీ అయిందని. అంతకుముందు సారాని 'వారుణి వాహిని' పేరుతో ఊరూరా పారించిన పార్టీ ఏది, నిషేధం తెచ్చిన పార్టీ ఏది, ఎత్తేసిన పార్టీ ఏది అని పోటీ పరీక్షలో అడిగితే, మూడు ప్రశ్నలకీ తెలుగుదేశం అని ఒకటే జవాబు రాసి మార్కులు కొట్టేయొచ్చు.

2019లో గద్దెనెక్కిన వైసీపీవాళ్లు నిషేధం దశలవారీగా అన్నారు. మళ్లీ అక్టోబరు 1 దొరికింది, ఆ ఏడాదే. 4,380 షాపుల్ని 3,500 చేసి, అన్నీ ప్రభుత్వమే నడిపింది. రేటు పెంచితే మానేస్తారని 2020 మేలో రెండు రోజుల్లో 75 శాతం పెంచారు. మావాడు మానేశాడు. ఏమిటి మానేశాడంటే, ఇంటికి కూరగాయలు తేవడం. అప్పుడు కూడా జనానికి నిషేధం మీద కోపం రాలేదు. బ్రాండ్ల మీద వచ్చింది. "బూమ్ బూమ్ అంట! అదేం పేరు అన్నా, తాగేవాడికి మర్యాద ఉండక్కర్లా?" అని నాతో ఒక రిటైర్డు ఉద్యోగి కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో పీఆర్సీ ఆలస్యమైనా అంత బాధపడలేదు.

2021లో ఒక మంచి సవరణ జరిగింది. అమ్మ ఒడి, చేయూత, ఆసరా లాంటి పథకాలు అమలు చేసే బాధ్యత మద్యం అమ్మే కార్పొరేషన్‌కి అప్పగించారు. అంటే నాన్న తాగితే బిడ్డ బడికి పోతాడు, నాయనమ్మకి సాయం అందుతుంది. ఆ సొమ్ము ఇంట్లోకి రాగానే నాన్న దాన్ని పట్టుకెళ్లి మళ్లీ కార్పొరేషన్‌కే భద్రంగా జమ చేస్తాడు. పైసా వృథా లేదు.

2024 అక్టోబరు 16న షాపులు ప్రైవేటువాళ్లకి పోయాయి. 3,396 షాపులకి దాదాపు 90 వేల దరఖాస్తులు. ఒక్కోదానికి రెండు లక్షలు, లాటరీలో రాకపోతే తిరిగిరాదు. తాగుడు వల్ల సంసారాలు నాశనమైపోతున్నాయని మొన్నటిదాకా వాపోయిన మా బంధువొకాయన నాలుగు దరఖాస్తులు వేశాడు. అదేంది బాబాయ్ అంటే, "మంచోడి చేతిలో ఉంటే కల్తీ ఉండదు గదరా" అన్నాడు. లాటరీ తగల్లేదు. ఇప్పుడు మళ్లీ నిషేధవాది.

ఒక్క చోట నవ్వు రాదు. 2020 జులై ఆఖర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో కరోనా కట్టడి వల్ల మద్యం షాపులు మూసేస్తే, శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వారంలో అందరి దగ్గరా తీర్పులు సిద్ధం. షాపులు మూసినందుకే పోయారన్నారు కొందరు. నిషేధం సరిగ్గా లేకే పోయారన్నారు ఇంకొందరు. రేట్ల వల్లేనని మరి కొందరు. ఎవరి అభిప్రాయం కురిచేడుకి ముందు ఏముందో తర్వాతా అదే. ఆ ఇళ్లల్లో మిగిలినవాళ్ల పూట ఎట్లా గడుస్తోందన్న ప్రశ్న మాత్రం నాకు టీ కొట్టు దగ్గర వినపడలేదు.

మా వీధి మొదట్లో బ్రాందీ షాపు పెడితే మేమూ టెంటు వేసి ధర్నా చేశాం. షాపు పక్క వీధిలోకి జరిగింది. ఘనవిజయం. టెంటులో ముందు వరసలో కూర్చున్న నలుగురు ఇప్పుడు అంత దూరం నడవలేక కిరాణా కొట్టుకి పోతున్నారు. కొట్టాయన బెల్టుషాపు నడపడు, ఆ మాటంటే ఊరుకోడు. ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల వెనక నాలుగు క్వార్టర్లు ఉంటాయంతే. "మనది ఒకటి ఇయ్యి" అంటే పాత పేపర్లో చుట్టి, కిలో కందిపప్పుతో కలిపి ఇస్తాడు. ముప్పై ఎక్కువ తీసుకుంటాడు. పాల మీద మాత్రం ఎమ్మార్పీ దాటడు, నిజాయితీపరుడు.

అందుకని మేం కొందరం, ఈసారి పక్కాగా, ఊరంతటికీ నిషేధం కోరుతూ కలెక్టరుకి అర్జీ రాశాం. సంతకం పెట్టనన్నవాడు లేడు. అందరూ అడిగిందొకటే: ఎప్పట్నుంచి? ఒకాయన సంక్రాంతి కానీమన్నాడు, కొత్తల్లుడు వస్తున్నాడు. ఇంకొకాయనకి మాఘంలో కూతురి పెళ్లి. ఎండాకాలం బీరు లేకపోతే వడదెబ్బ అన్నాడొక కుర్రాడు. పంచాయతీ ఎన్నికలు అయ్యేదాకా ఆ కాగితం బయటికి తీయొద్దని మూడు పార్టీలవాళ్లూ విడివిడిగా వచ్చి చెప్పారు. చివరికి ఆషాఢం అనుకున్నాం: పెళ్లిళ్లుండవు, అల్లుళ్లు రారు. తేదీ రాయబోతుంటే పొగాకు రైతొకాయన పెన్ను పట్టుకున్నాడు. "బేళ్ల దుడ్లు చేతికొచ్చేది అప్పుడే గదబ్బయ్యా!"