‘ఏడాది దాకా ఆగి చూడండి’ అంటున్న ఫార్వర్డుకు జవాబు

చంటిపిల్లల తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: పసిబిడ్డ ఒంటి మీద ఎర్ర మచ్చలన్నీ వాటంతటవే పోతాయి, ఏడాది నిండేదాకా ఆగండి, స్పెషలిస్టు దగ్గరకు వెళ్తే గుండె జబ్బు మందు పోస్తారు, దానికన్నా నాటు పసరు నయం. తల్లులు నమ్మారంటే అర్థం చేసుకోవచ్చు. పసరు మాట తప్ప మిగతాదంతా కొందరు డాక్టర్లు కూడా చెప్పి పంపేస్తున్నారు, అదీ ఇబ్బంది.

‘ఎర్ర మచ్చలన్నీ’ అనడంలోనే పొరపాటుంది. నుదుటి మీద, కనురెప్పల మీద లేత గులాబీ రంగులో ఉండి, బిడ్డ ఏడిస్తే ఎర్రబడే మచ్చలు మామూలుగా ఒకటి రెండేళ్లలో మాసిపోతాయి. మెడ వెనకవి కొందరికి ఉండిపోయినా జుట్టు కప్పేస్తుంది. పోర్ట్‌వైన్ మచ్చ అలా కాదు. పుట్టిన రోజే చదునుగా కనిపిస్తుంది, బిడ్డతోపాటే పెరుగుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతుంది. దానంతటది పోదు. నుదుటినీ పై రెప్పనూ పట్టి ఉంటే కంట్లో ఒత్తిడి పెరగొచ్చు, ఫిట్స్ రావచ్చు. ఆ బిడ్డను కంటి డాక్టరుకు, పిల్లల నరాల డాక్టరుకు చూపించాల్సిందే.

సందేశం రాసినవారి మనసులో ఉన్నది బహుశా హెమాంజియోమా, అంటే రక్తనాళాల గడ్డ. నూటికి నలుగురైదుగురు పిల్లలకు వస్తుంది. ఆడపిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో ఎక్కువ. ఇది ‘దానంతటదే పోతుంది’ అన్నది సగం నిజం. నాలుగేళ్లు వచ్చేసరికి చాలావరకు కుంచించుకుపోతుంది. కానీ వైద్యం లేకుండా వదిలేస్తే చాలామందికి సాగిన చర్మమో, కొవ్వు ముద్దో, సన్నటి ఎర్ర గీతలో మిగులుతాయి. వీపు మీదైతే చొక్కా కింద దాగిపోతుంది. ముక్కు కొన మీదో పెదవి మీదో అయితే ఏం చేస్తారు?

అన్నిటికన్నా నష్టం చేసేది ‘ఏడాది ఆగండి’ అన్న సలహా. పుట్టినప్పుడు హెమాంజియోమా తరచూ కనబడదు, కనబడినా గోరు గీరుకున్నట్టు చిన్న ఎర్ర చార, లేదా పాలిపోయిన మచ్చ. రెండు మూడు వారాలకు ఎర్రగా తేలుతుంది. ఐదు నుంచి ఏడు వారాల మధ్య అతి వేగంగా ఉబ్బుతుంది. మూడు నెలలకే చివరి సైజులో దాదాపు 80 శాతానికి చేరుతుంది. అందుకే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019 మార్గదర్శకాలు అనుమానమున్న బిడ్డను నెల వయసుకే స్పెషలిస్టుకు చూపించమన్నాయి. మన దగ్గర దీనికి కొత్త పథకమేమీ అక్కర్లేదు. ఆశా కార్యకర్త 28వ రోజు, 42వ రోజు ఇంటికి వస్తుంది. ఆరో వారం టీకాకు బిడ్డే వస్తుంది. తొడకు సూది వేసేటప్పుడు బట్టలు పూర్తిగా విప్పి, మెడ మడతలూ తొడల సందూ చూస్తే చాలు. 14వ వారం టీకా దాకా వాయిదా వేస్తే పెరగాల్సింది చాలావరకు పెరిగిపోయి ఉంటుంది.

అలాగని ప్రతి ఎర్ర చుక్కనూ జిల్లా ఆసుపత్రికి తోలమని కాదు. పొట్ట మీద శనగగింజంత ఉండి పెరగనిదాన్ని గమనిస్తే సరిపోతుంది. కంటి చుట్టూ ఉంటే మాత్రం చూపు మందగించవచ్చు. గడ్డం, దవడల మీద పరుచుకుని ఉంటే శ్వాసనాళంలోనూ ఉండే అవకాశముంది, గాలి పీల్చినప్పుడు కీచుమంటుంటే అది ఎమర్జెన్సీ. ముఖం మీద 5 సెంటీమీటర్లు దాటి పరుచుకుంటే మెదడు, గుండె పరీక్షలు కావాలి. నడుము కింద వెన్ను మధ్యలో ఉంటే వెన్నుపాము చూడాలి. ఐదు అంతకన్నా ఎక్కువ ఉంటే కాలేయానికి అల్ట్రాసౌండ్ తీయాలి. పుండు పడితే రోజుల తరబడి ఆగకూడదు. ఇవన్నీ గుర్తుంచుకోవడం కష్టమనే యూరప్ నిపుణులు బిడ్డను స్పెషలిస్టుకు పంపాలా వద్దా తేల్చే 12 ప్రశ్నల రెఫరల్ స్కోరు తయారుచేశారు, 2020లో ప్రచురించారు. మొదటి భాగంలోని ప్రశ్నల్లో ఒక్కదానికి ‘అవును’ వచ్చినా పంపాల్సిందే. మిగతావి మచ్చ ఎక్కడుంది, ఎంతుంది, బిడ్డ వయసెంత, పెరుగుతోందా అని అడిగి మార్కులు వేస్తాయి.

ఇక ‘గుండె మందు’. అది ప్రొప్రనలాల్, నిజంగా గుండె మందే. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో హెమాంజియోమాకు స్టెరాయిడ్ వాడుతున్న ఒక బిడ్డకు గుండె ఇబ్బంది వస్తే ఈ మందు మొదలుపెట్టారు. మర్నాటికే గడ్డ రంగు మారి మెత్తబడింది. ఆ సంగతి 2008లో అచ్చయింది. 2015లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో ఆరు నెలలు వాడిన పిల్లల్లో 60 శాతం మందికి గడ్డ పూర్తిగా, లేదా దాదాపు పూర్తిగా పోయింది. ఉత్తుత్తి మందు తాగినవాళ్లలో 4 శాతమే. భయపడాల్సినవి లేకపోలేదు: రక్తంలో చక్కెర పడిపోవచ్చు, గుండె వేగం తగ్గొచ్చు, పిల్లికూతలు రావచ్చు. కాబట్టి పాలు తాగాకే పోయాలి, వాంతులవుతున్నా పాలు పట్టకపోయినా ఆ డోసు ఆపి డాక్టరును అడగాలి. మందుల షాపులో సొంతంగా కొని పోసేది కానేకాదు.

పసరు సంగతి ఒక్క ముక్కలో: పలచని చర్మం మీద రాస్తే పుండు పడొచ్చు, పడితే ఆ మచ్చ జీవితాంతం ఉండిపోవచ్చు. గ్రహణం రోజు తల్లి తాకితే వచ్చిందనే మాట తల్లిని ఏడిపించడానికి తప్ప దేనికీ పనికిరాదు.

బిడ్డను చూసే ఆరోగ్య సిబ్బందికి చివరి మాట: అనుమానంగా ఉండి, పైన చెప్పిన చోట్లలో లేని చిన్న మచ్చ అయితే పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, ఫోన్‌లో తేదీతో ఉంచమని తల్లికి చెప్పండి. వారానికి మళ్లీ తీయమనండి. రెండో ఫోటోలో పెద్దదైతే అదే రోజు చర్మవ్యాధుల డాక్టరుకో పిల్లల డాక్టరుకో రెఫరల్ చీటీ రాసి, రెండు ఫోటోలూ చూపించమనండి.